మాజీ సైనికులకు, అత్యవసర సేవల సిబ్బందికి సాంత్వననిచ్చే గుర్రాల పోషణ: తరచుగా అడిగే ప్రశ్నలు

యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికులకు, పోలీసు, అగ్నిమాపక, అంబులెన్సు సేవల్లో ఏళ్ళ తరబడి పనిచేసి మనసు దెబ్బతిన్నవారికి గుర్రాల సాంగత్యంతో ఊరట కల్పించే కేంద్రాలు అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. ఇవి ఎక్కువగా లాభాపేక్ష లేని సంస్థలు. తమ దగ్గరకు వచ్చేవారి నుంచి రుసుము తీసుకోకుండా, లేదా నామమాత్రంగా తీసుకొని, దాతల సొమ్ముతో నడుస్తాయి. ఈ కేంద్రాల్లోని ఒక గుర్రం పోషణను తమ పేరున స్వీకరించాలనుకునే తెలుగు కుటుంబాల కోసం, ముఖ్యంగా అమెరికాలో స్థిరపడినవారి కోసం, ఈ ప్రశ్నలకు సమాధానాలు రాశాము.

గుర్రాన్ని స్పాన్సర్ చేస్తే అది నాదవుతుందా?

కాదు. గుర్రం యాజమాన్యం, సంరక్షణ బాధ్యత, వైద్య నిర్ణయాలు అన్నీ సంస్థవే. దాని ఖర్చులో కొంత భాగాన్ని గాని, మొత్తాన్ని గాని నెలనెలా లేదా ఏడాదికొకసారి భరిస్తానని మీరు మాట ఇస్తున్నారు, అంతే. కొన్ని సంస్థలు ఒక గుర్రానికి ఒకే స్పాన్సర్‌ను ఒప్పుకుంటాయి. కొన్ని ఒకే గుర్రం ఖర్చును పదిమందికి పంచుతాయి. మీకు గుర్రం ఫోటో, దాని స్వభావం గురించి నాలుగు మాటలు, ఆరోగ్య సమాచారం అప్పుడప్పుడు పంపడం చాలాచోట్ల ఉన్న పద్ధతి. మీరు స్పాన్సర్ చేస్తున్న గుర్రాన్ని ఫలానా రోజు పనిలో పెట్టమని గాని, స్వారీకి ఇమ్మని గాని అడిగే హక్కు మీకు ఉండదు. ఆ హక్కు లేకపోవడమే గుర్రానికి మేలు.

ఈ చికిత్సలో గుర్రం నిజానికి ఏం చేస్తుంది?

గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. లక్షల ఏళ్ళుగా దాని ప్రాణం నిలిచింది చుట్టుపక్కల చిన్న కదలికను కూడా ముందే పసిగట్టడం వల్ల. తలకు రెండు పక్కలా ఉన్న కళ్ళతో అది తన చుట్టూ దాదాపు అంతటినీ చూడగలదు. చెవులను ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఎటు కావాలంటే అటు తిప్పి వినగలదు. దగ్గరకు వచ్చిన మనిషి భుజాలు బిగిసి ఉన్నాయా, ఊపిరి పైపైన ఆడుతోందా, అడుగులో తొందర ఉందా అన్నది అది గమనించి వెంటనే స్పందిస్తుంది. ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, కోపంగా ఉన్న మనిషి ముఖం ఫోటో చూసినప్పుడు గుర్రాల గుండె వేగం త్వరగా పెరిగినట్టు తేలింది.

యుద్ధ అనుభవంతో వచ్చిన మాజీ సైనికుడి పరిస్థితి చాలావరకు ఇలాంటిదే. ఇంటికి వచ్చి ఏళ్ళు గడిచినా అతడి శరీరం నిరంతరం ప్రమాదం కోసం కాచుకొని ఉంటుంది. తలుపు చప్పుడుకు ఉలిక్కిపడతాడు, హోటల్లో గోడకు వీపు ఆనించి కూర్చుంటాడు, ఇంట్లోవారితో మాట తగ్గిపోతుంది. అతడు గుర్రం దగ్గరకు బిగుసుకుపోయి వెళితే గుర్రం తల తిప్పుకొని దూరం జరుగుతుంది. ఊపిరి నెమ్మదించి, చేతులు వదులుచేసి నిలబడితే తానే దగ్గరకు వస్తుంది. అతడి పదవి, పతకాలు, గతంలో ఏం చేశాడన్నది గుర్రానికి అక్కరలేదు; ఆ నిమిషంలో అతడు ఎలా ఉన్నాడన్నదే దానికి కావాలి. తన లోపలి స్థితి ఎదుటి ప్రాణి ప్రవర్తనలో కంటికి కనబడడం, దాన్ని తానే మార్చగలనని తెలిసిరావడం ఈ పద్ధతికి ఆధారం. పక్కనే ఉన్న మానసిక వైద్య నిపుణులు ఆ అనుభవాన్ని మాటల్లోకి తెచ్చుకోవడానికి సహాయం చేస్తారు.

స్వారీ చేయిస్తారా?

కార్యక్రమాన్ని బట్టి ఉంటుంది. శారీరక వైకల్యం ఉన్నవారి కోసం మొదలైన పద్ధతుల్లో స్వారీయే ప్రధానం. పోలియో వల్ల మోకాళ్ళ కింద పట్టు కోల్పోయిన డెన్మార్క్ మహిళ లిజ్ హార్టెల్ 1952 హెల్సింకి ఒలింపిక్స్ గుర్రపుస్వారీ పోటీల్లో రజత పతకం గెలిచిన తరువాత ఈ ఆలోచనకు ఐరోపాలోను, అమెరికాలోను ఊపు వచ్చింది. 1969లో అమెరికాలో ఏర్పడిన చికిత్సా స్వారీ సంఘం నేడు పాత్ ఇంటర్నేషనల్ పేరుతో కేంద్రాలకు గుర్తింపు, శిక్షకులకు ధ్రువీకరణ ఇస్తోంది.

మానసిక గాయాలకు సంబంధించిన కార్యక్రమాల్లో ఎక్కువ పని నేల మీదనే జరుగుతుంది. గుర్రానికి మాలీసు చేయడం, గిట్టలు ఎత్తి శుభ్రం చేయడం, పగ్గం పట్టుకొని నడిపించడం, పగ్గం లేకుండానే తన వెంట నడిచేలా చేసుకోవడం వంటివి ఇందులో ఉంటాయి. గుర్రాల సహాయంతో మానసిక చికిత్స కోసం 1999లో మొదలైన ఈగాలా సంస్థ పద్ధతిలో స్వారీ ఉండదు. ఒక మానసిక వైద్య నిపుణుడు, ఒక అశ్వ నిపుణుడు కలిసి పనిచేస్తారు.

స్వారీ ఉన్నచోట గుర్రం పరిమాణం కూడా చూడాలి. మనిషి, జీను కలిపి గుర్రం బరువులో 20 శాతానికి మించకూడదన్నది విస్తృతంగా పాటించే హద్దు. అంటే 500 కిలోల గుర్రం మీద జీనుతో సహా 100 కిలోలు. మాజీ సైనికుల్లో భారీకాయులు ఎక్కువమంది కాబట్టి ఇటువంటి కేంద్రాలకు పెద్ద గుర్రాలు కావాలి. పెద్ద గుర్రానికి మేత కూడా పెద్దదే.

ఇది పనిచేస్తుందనడానికి ఆధారాలు ఉన్నాయా?

ఉన్నాయి, కాని వాటి పరిమితులు తెలిసి ఇవ్వడం మంచిది. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయం వైద్య కేంద్రంలో ప్రూడెన్స్ ఫిషర్, యువాల్ నెరియా నేతృత్వంలో సాగిన మ్యాన్ ఓ వార్ ప్రాజెక్టు ఈ రంగంలో ముఖ్యమైనది. పీటీఎస్‌డీ, అంటే తీవ్రమైన ఆపద ఎదుర్కొన్న తరువాత మిగిలిపోయే మానసిక రుగ్మత ఉన్న 63 మంది మాజీ సైనికులు చిన్న చిన్న బృందాలుగా వారానికి ఒకసారి చొప్పున 8 సార్లు గుర్రాలతో గడిపారు. ఒక్కొక్క సమావేశం గంటన్నర. 2021లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, చికిత్స ముగిసిన మూడు నెలల తరువాత సుమారు సగం మందిలో లక్షణాలు వైద్యపరంగా చెప్పుకోదగినంత తగ్గాయి.

అయితే ఆ అధ్యయనంలో పోల్చి చూడడానికి చికిత్స పొందని మరో బృందం లేదు. బాగుపడినవారిలో కొందరు గుర్రాలు లేకపోయినా, తోటి సైనికులతో కలిసి కూర్చున్నందుకే బాగుపడి ఉండవచ్చు. పరిశోధకులే ఈ సంగతి చెప్పి, తరువాతి దశ అధ్యయనాలు అవసరమన్నారు. అందువల్ల "నూటికి నూరుపాళ్ళు నయం" అని ప్రకటించే సంస్థ కనబడితే దూరంగా ఉండమనే మా సలహా. నిజాయితీగా పనిచేసేవారు అలా రాయరు.

మందులు, కౌన్సెలింగ్ మానేసి దీనికి రావచ్చా?

రాకూడదు. పీటీఎస్‌డీకి, మాజీ సైనికుల బాగోగులు చూసే అమెరికా వెటరన్స్ అఫైర్స్ శాఖ ముందుగా సిఫారసు చేసేవి గట్టి ఆధారాలున్న మాటల చికిత్సలు; భయపెట్టే జ్ఞాపకాన్ని నిపుణుల సమక్షంలో క్రమంగా ఎదుర్కోవడం, ఆ సంఘటన చుట్టూ పేరుకున్న తప్పు నమ్మకాలను సరిచేసుకోవడం వాటిలో ఉంటాయి. ఆ చికిత్సలను మొదలుపెట్టి మధ్యలో మానేసేవారు తక్కువేం కాదు. జరిగినదాన్ని మళ్ళీ మళ్ళీ చెప్పడం చాలామందికి భరించరానిది. అటువంటివారు గుర్రపుశాలకు మాత్రం మానకుండా వస్తారని ఈ కేంద్రాల్లో పనిచేసేవారు తరచుగా చెబుతారు. అక్కడ కుదుటపడి, తిరిగి వైద్యుడి దగ్గరకు వెళ్ళగలిగితే అదే పెద్ద ఫలితం. వెటరన్స్ అఫైర్స్ శాఖ కూడా వైకల్యం ఉన్నవారి క్రీడల కోసం ఇచ్చే తన అడాప్టివ్ స్పోర్ట్స్ గ్రాంట్లలో గుర్రాల సహాయంతో సాగే మానసిక ఆరోగ్య కార్యక్రమాలకు నిధులు కేటాయిస్తోంది.

అవసరం ఎంత తీవ్రమో ఒక్క అంకె చెబుతుంది. ఆ శాఖ నివేదిక ప్రకారం 2022లో 6,407 మంది మాజీ సైనికులు ఆత్మహత్య చేసుకున్నారు. రోజుకు సగటున 17 మందికి పైగా.

సైనికులకు సరే, పోలీసులకు, అగ్నిమాపక సిబ్బందికి ఎందుకు?

సైనికుడు యుద్ధభూమికి వెళ్ళి కొంతకాలానికి తిరిగి వస్తాడు. అంబులెన్సులో పనిచేసే మనిషి తాను పుట్టి పెరిగిన ఊళ్ళోనే, తనకు తెలిసిన వీధుల్లోనే, ఇరవై ఏళ్ళపాటు ప్రమాదాలు, కాలిన శరీరాలు, చిన్నపిల్లల మరణాలు చూస్తూ పోతాడు. పిల్లలను బడికి తీసుకెళ్ళే దారిలోనే గతవారం శవాన్ని ఎత్తిన మలుపు ఉంటుంది. అత్యవసర సహాయం కోసం వచ్చే 911 కాల్స్ అందుకునే ఉద్యోగుల సంగతి బయటివారికి బొత్తిగా తట్టదు. ఫోన్లో కేకలు వింటారు, సహాయం పంపుతారు, ఆ తరువాత ఏమైందో వారికి తరచుగా తెలియనే తెలియదు. పైగా ఈ ఉద్యోగాల్లో బాధ చెప్పుకుంటే చేతకానివాడంటారన్న భయం, ఉద్యోగానికి ముప్పు వస్తుందన్న భయం రెండూ ఉంటాయి. గుర్రం దగ్గర నోరు విప్పవలసిన అవసరం లేదు కాబట్టి మొదటి అడుగు కొంత తేలికవుతుంది.

నేను ఇచ్చే డబ్బు దేనికి ఖర్చవుతుంది?

ముందుగా మేతకు. గుర్రం రోజుకు తన బరువులో ఒకటిన్నర నుంచి రెండు శాతం దాకా గడ్డి తినాలి. 500 కిలోల గుర్రానికి రోజుకు ఏడున్నర నుంచి పది కిలోలు. ఏడాదికి లెక్కవేస్తే దాదాపు మూడు టన్నులు. వానలు లేని ఏడాది ఎండుగడ్డి ధర అమాంతం పెరుగుతుంది, కాని గుర్రం తినేది తగ్గదు. నీళ్ళు రోజుకు ఇరవై నుంచి నలభై లీటర్లు. మంచు పడే రాష్ట్రాల్లో ఆ నీళ్ళు గడ్డకట్టకుండా తొట్టిని వేడిగా ఉంచడానికి కరెంటు బిల్లు వేరు.

తరువాత గిట్టలు. అవి మన గోళ్ళలా పెరుగుతూనే ఉంటాయి కనుక ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి నిపుణుడు వచ్చి చెక్కాలి, అవసరమైతే లాడాలు కొట్టాలి. గిట్ట సరిగా లేని గుర్రం నొప్పితో నడుస్తుంది. నొప్పితో ఉన్న గుర్రం చిరాకుపడుతుంది. చిరాకుపడే గుర్రం పక్కన అప్పటికే ఒత్తిడిలో ఉన్న మనిషిని నిలబెట్టడం ప్రమాదం. దంతాలు కూడా అంతే. నమిలి నమిలి అంచులు పదునెక్కి బుగ్గలను కోస్తాయి కాబట్టి కనీసం ఏడాదికొకసారి పశువైద్యుడు ఆకురాయితో అరగదీయాలి. ధనుర్వాతం, రేబిస్, వెస్ట్ నైల్, మెదడువాపు వ్యాధులకు టీకాలు, పేడ పరీక్ష చేసి ఇచ్చే నులిపురుగుల మందు, అంటురక్తహీనత పరీక్ష ఏటా ఉండే ఖర్చులే.

అన్నింటికంటే భయపెట్టేది కడుపుశూల. గుర్రం వాంతి చేసుకోలేదు. పేగులో ఎక్కడైనా అడ్డుపడితే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది, శస్త్రచికిత్సకు వేల డాలర్లు అవుతాయి. స్పాన్సర్ల నెలవారీ సొమ్ము క్రమంగా వచ్చే కేంద్రం అటువంటి రాత్రి డబ్బు గురించి కాక గుర్రం గురించి ఆలోచించగలదు. ఏడాదికొకసారి ఇచ్చే పెద్ద మొత్తం కంటే నెలనెలా ఆగకుండా వచ్చే చిన్న మొత్తం విలువైనదని మేము అనడానికి కారణం ఇదే.

ఎలాంటి గుర్రాలను ఎంచుకుంటారు?

జాతి కంటే స్వభావం ముఖ్యం. ఆకస్మిక శబ్దానికి బెదిరి పరుగు తీయకుండా ఆగి చూసే గుర్రం, కొత్తవారిని కొరకని, తన్నని గుర్రం కావాలి. అందుకే ఎక్కువగా లోకం చూసిన నడివయసు గుర్రాలే ఈ పనిలో ఉంటాయి. పందేల నుంచి విరమించిన థరోబ్రెడ్ గుర్రాలు, పశ్చిమ రాష్ట్రాల మైదానాల నుంచి తెచ్చి మచ్చిక చేసిన మస్టాంగులనే అడవి గుర్రాలు కూడా కొన్ని కేంద్రాల్లో కనిపిస్తాయి. దానంగా వచ్చే ప్రతి గుర్రాన్నీ తీసుకోలేరు. కొన్ని వారాలు పరీక్షగా ఉంచుకొని, సరిపడకపోతే తిప్పి పంపే పద్ధతి ఉన్న కేంద్రమే బాధ్యత తెలిసినది.

మనుషుల దుఃఖం మోయడం గుర్రానికి కష్టం కాదా?

ఈ ప్రశ్న అడిగే దాతలంటే మాకు గౌరవం. చెవులు వెనక్కి అణచడం, తోకను అదేపనిగా విసరడం, పాకలో నిలబడి అటూ ఇటూ ఊగడం, మనిషి రాగానే మూలకు తిరగడం అలసటకు, విసుగుకు గుర్తులు. మంచి కేంద్రంలో రోజుకు ఎన్ని గంటలు, వారానికి ఎన్ని రోజులు పనిచేయించాలన్న హద్దు కాగితం మీద ఉంటుంది. పని లేని వేళ గుర్రం బయట తిరగడానికి, తోటి గుర్రాలతో మేయడానికి చోటు ఉంటుంది. మంద లేకుండా ఒంటరిగా పాకలో కట్టేసిన గుర్రం ఎవరికీ ఊరట ఇవ్వలేదు.

గౌరవప్రదమైన పనిలో ఉన్నంత మాత్రాన గుర్రానికి మంచి పోషణ దొరుకుతుందని అనుకోకూడదు. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో సైనికుల శవపేటికలను లాగే అమెరికా సైన్యం గుర్రాల్లో రెండు 2022 ఫిబ్రవరిలో కొద్దిరోజుల తేడాతో కడుపు జబ్బులతో చనిపోయాయి. నాసిరకం మేత, తిరగడానికి జాగా చాలకపోవడం విచారణలో బయటపడ్డాయి. గాయపడిన సైనికుల కోసం 2006లో మొదలైన స్వారీ చికిత్సకు తోడ్పడింది కూడా ఆ దళం గుర్రాలే. 2023లో సైన్యం ఆ గుర్రాల సేవను నిలిపివేసి, సంస్కరణలు చేపట్టి, 2025లో పరిమితంగా తిరిగి ప్రారంభించింది. దేశం తలవంచి నమస్కరించే చోటనే ఇలా జరిగిందంటే, చిన్న సంస్థల దగ్గర దాతలు అడిగి తెలుసుకోవడం తప్పు కాదు.

గుర్రం ముసలిదైతే ఏమవుతుంది?

స్పాన్సర్ కావడానికి ముందు మీరు తప్పక అడగవలసిన ప్రశ్న ఇది. గుర్రాలు పాతికేళ్ళు, ముప్పై ఏళ్ళు బతుకుతాయి. ఈ పని చేయగలిగేది అందులో కొన్నేళ్ళే. ముసలితనంలో పళ్ళు అరిగి గడ్డి నమలలేవు కాబట్టి నానబెట్టిన దాణా పెట్టాలి. కీళ్ళ నొప్పులకు మందులు, పిట్యూటరీ గ్రంథి జబ్బు వస్తే రోజూ పెర్గొలైడ్ మాత్ర ఇవ్వాలి. విరమించిన గుర్రాన్ని తామే చివరిదాకా ఉంచుకుంటారా, నమ్మకమైన ఇంటికి ఇచ్చి ఆచూకీ తీస్తుంటారా, లేక వేలానికి పంపుతారా? వేలానికి వెళ్ళిన అమెరికా గుర్రాలు కొన్ని మెక్సికో, కెనడా కబేళాలకు చేరుతున్నాయి. జవాబు రాతపూర్వకంగా ఇవ్వని సంస్థకు డబ్బు ఇవ్వవద్దు. వీలైతే విరమించిన గుర్రాన్నే స్పాన్సర్ చేయండి. దాని ఫోటో చూసి ఎవరూ ముందుకు రారు, ఖర్చు మాత్రం పనిచేసే గుర్రం కంటే ఎక్కువ.

సంస్థ మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి?

అమెరికా ఆదాయపు పన్ను శాఖ ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో సంస్థ పేరుతో వెతికితే దానికి 501(సీ)(3) హోదా, అంటే లాభాపేక్ష లేని సేవా సంస్థగా పన్ను గుర్తింపు, ఉందో లేదో తెలుస్తుంది. ఏటా దాఖలు చేసే లెక్కల పత్రం, ఫారం 990 కూడా బహిరంగ పత్రమే. అందులో జీతాలెంత, గుర్రాల మీద ఖర్చెంత అన్నది చూడండి. పాత్ ఇంటర్నేషనల్ గుర్తింపు ఉంటే భద్రతా ప్రమాణాలు పరిశీలించారని అర్థం. మానసిక చికిత్స చేస్తున్నామని చెప్పుకుంటే, రాష్ట్ర లైసెన్సు ఉన్న నిపుణుడు ఉన్నాడా అని అడగండి. లైసెన్సు లేకుండా గుర్రాలతో గడిపే అవకాశం మాత్రమే కల్పించే కేంద్రాలూ మంచివే, కాని అవి తమను చికిత్సాకేంద్రాలుగా చెప్పుకోకూడదు. ఆ తరువాత ఒకసారి వెళ్ళి చూడండి. నీళ్ళ తొట్టి శుభ్రంగా ఉందా, గుర్రాల పక్కటెముకలు కనబడుతున్నాయా, గిట్టలు పగిలి ఉన్నాయా అన్నది గుర్రాల గురించి ఏమీ తెలియనివారికి కూడా కనిపిస్తుంది.

పన్ను మినహాయింపు, కంపెనీ మ్యాచింగ్ వర్తిస్తాయా?

501(సీ)(3) సంస్థకు ఇచ్చిన విరాళాన్ని మినహాయింపులు విడివిడిగా చూపే పన్ను చెల్లింపుదారులు చూపుకోవచ్చు. 2026 పన్ను సంవత్సరం నుంచి అలా విడివిడిగా చూపకుండా స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవారికి కూడా నగదు విరాళాల మీద ఒంటరి వ్యక్తికి 1,000 డాలర్లు, దంపతులకు 2,000 డాలర్ల వరకు మినహాయింపు ఉంది. 250 డాలర్లు, అంతకు మించిన విరాళానికి సంస్థ నుంచి రాతపూర్వక రసీదు తప్పనిసరి. విరాళానికి బదులుగా విందు టికెట్టు వంటిది పొందితే దాని విలువను తీసివేయాలి.

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేసే తెలుగువారు మరిచిపోతున్న అవకాశం మ్యాచింగ్. చాలా పెద్ద కంపెనీలు ఉద్యోగి ఇచ్చిన ప్రతి డాలరుకు మరో డాలరు జతచేస్తాయి. కొన్ని మీరు స్వచ్ఛందంగా పనిచేసిన గంటలకు కూడా డబ్బు ఇస్తాయి. శనివారం ఉదయం వెళ్ళి గుర్రపుశాల ఊడిస్తే, ఆ గంటలు కూడా మేతగా మారతాయి. మీ కంపెనీ జాబితాలో ఆ సంస్థ లేకపోతే చేర్చమని దరఖాస్తు పెట్టండి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నుంచి విరాళం పంపవచ్చా?

వ్యక్తులు విదేశాలకు డబ్బు పంపడానికి వీలు కల్పించే రిజర్వు బ్యాంకు ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద ఏడాదికి మొత్తం రెండున్నర లక్షల డాలర్ల పరిమితిలో విదేశీ సంస్థకు విరాళం పంపవచ్చు. అయితే విరాళాల మీద పన్ను మినహాయింపు భారతదేశంలో నమోదైన సంస్థలకే వర్తిస్తుంది కనుక పన్ను లాభం ఉండదు. అమెరికాలో ఉన్న పిల్లల ద్వారా, వారి సంపాదన నుంచి ఇప్పించడం సులువు.

మేము వెళ్ళి సైనికులను కలవవచ్చా?

గుర్రాన్ని చూడవచ్చు, ముందుగా చెప్పి వెళ్ళాలి. చికిత్స జరిగే వేళ మాత్రం ఎవరినీ అనుమతించరు. అక్కడికి వచ్చినవారి ఫోటోలు తీయకూడదు, ఏం జరిగిందని అడగకూడదు. పిల్లలను తీసుకెళితే కాళ్ళను పూర్తిగా కప్పే బూట్లు వేయండి, గుర్రం వెనుకకు వెళ్ళనివ్వకండి, అనుమతి లేకుండా బెల్లం, క్యారెట్టు వంటివి పెట్టనివ్వకండి. కొన్ని గుర్రాలకు తీపి వల్ల గిట్టల వాపు వస్తుంది.

మా బంధువుకే ఈ సహాయం అవసరం. ఎలా మొదలుపెట్టాలి?

అమెరికా సైన్యంలో పనిచేసిన తెలుగువారు ఉన్నారు, పోలీసు శాఖల్లో, ఆసుపత్రుల అత్యవసర విభాగాల్లో ఉన్నవారూ ఉన్నారు. దగ్గరలోని కేంద్రానికి నేరుగా ఫోన్ చేయవచ్చు. మాజీ సైనికులైతే వెటరన్స్ అఫైర్స్ ఆసుపత్రిలోని వైద్యుడి ద్వారా కూడా అడగవచ్చు. ప్రాణాపాయం ఉందనిపిస్తే గుర్రాల కోసం ఆగకండి: అమెరికాలో ఆత్మహత్యల నివారణ సహాయవాణి 988కి ఫోన్ చేయండి, మాజీ సైనికులైతే ఆ తరువాత 1 నొక్కాలి. భారతదేశంలో ఉన్నవారికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 తెలుగులో కూడా పలుకుతుంది.

మధ్యలో స్పాన్సర్‌షిప్ ఆపవలసి వస్తే?

ఉద్యోగం పోవచ్చు, వీసా మారవచ్చు, ఇంట్లో జబ్బు రావచ్చు. ఎవరూ తప్పు పట్టరు. రెండు మూడు నెలల ముందు చెబితే సంస్థ ఆ గుర్రానికి మరొక దాతను వెతుక్కోగలుగుతుంది. అక్టోబరులో చెప్పడం కంటే వేసవిలో చెప్పడం మంచిది, ఎందుకంటే చలికాలానికి కావలసిన ఎండుగడ్డిని చాలా కేంద్రాలు వేసవి కోతల సమయంలోనే కొని నిల్వచేసుకుంటాయి.